లోకాంతానికి ఉతికిన బట్టలు

ఈ ప్రయాణం సంగతి నాకు మొదట చేరవేసింది మా వికారాబాదులో పాలు పోసే లలితమ్మ. "మీ అక్క బిడ్డ కీర్తన ఇంటింటికి తిరిగి చింకిబట్టలు జమ చేస్తున్నది, నీకెర్కనా అమ్మా?" అని పాలు కొలుస్తూ అడిగింది. మా సంఘంలో ఏటా బీదలకు బట్టలు పంచుతాం. ఇరవై ఏళ్లకే పిల్లకు ఆ బుద్ధి పుట్టిందని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

సాయంత్రం కీర్తనే వచ్చింది. హైదరాబాదులో 'తుప్పు' అని ఒక బ్యాండు ఉందట. ఇనుప పీపాలు, గొలుసులు, కోత మిషన్ల చప్పుడే వాళ్ల సంగీతం. లోకం అంతమయ్యాక మిగిలిన మనుషుల మీద వీడియో పాట తీస్తున్నారు. అభిమానులే నటులు, అభిమానులే పనివాళ్లు. దుస్తులు కీర్తనవి. "ఇది మంచిగైతే నన్ను మల్ల పిలుస్తరు చిన్నమ్మా. లేకుంటే జూన్ల నర్సింగు కాలేజీల చేరుడే. నాయినకు మాటిచ్చిన. నువ్వు తోడొస్తేనే పంపుతడట."

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున ఏడున్నరకు పాసింజరు ఎక్కాం. టికెట్టు ముప్పై రూపాయలు. వెంట రెండు గోనెసంచుల చింకిబట్టలు, ఒక ఇనప్పెట్టె. బట్టలు పంచడానికి, నటుల దుస్తులు పెట్టెలో అని నా మనసులో ఎప్పుడో స్థిరపడిపోయింది. అడగాలని కూడా తోచలేదు.

తొమ్మిది దాటాక జహీరాబాదులో దిగాం. స్టేషను బయట పూరీ తిన్నాం, వేడిగా ఉంది. అక్కడే హైదరాబాదు నుంచి వచ్చిన నలభైమంది అభిమానులు కలిశారు. అందరూ నల్ల చొక్కాలు. ముక్కుకు రింగు, ఛాతీ మీద పుర్రె బొమ్మ ఉన్న ఒకాయన "ఆంటీ, సంచి నాకియ్యండి, మీ నడుం పట్టుకుంటది" అన్నాడు. పేరు వినోద్, బ్యాంకు ఉద్యోగి. ఝరాసంగం దగ్గర ఊళ్లో వాళ్ల మేనత్త ఇంట్లోనే మాకు బస.

అందరం నాలుగైదు షేర్ ఆటోల్లో ఎక్కాం. మా ఆటో డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి "ఎవరు పోయిన్రు సార్?" అన్నాడు.

వినోద్ ఆలోచించి, "అందరం పోయినం భాయ్, గింతమందిమే మిగిలినం" అన్నాడు. డ్రైవరు మోగుతున్న పాట కట్టేసి, మేం దిగేదాకా ఆటో మెల్లగా నడిపాడు.

పదకొండింటికి చేరాం. మేనత్త పేరు మాణెమ్మ. అరవై దాటిన మనిషి, నిలబడి మాట్లాడే తీరిక లేదు. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. వెళ్లేవారు తప్పక తినండి, కానీ మూడో రొట్టెకు చెయ్యి అడ్డం పెట్టండి, లేకుంటే నాలుగోది వస్తుంది. భోజనమయ్యాక పిల్లలంతా ఎర్రరాయి తవ్వి వదిలేసిన గని చూడ్డానికి వెళ్లారు. మర్నాడు మూడింటికి అక్కడే చిత్రీకరణ. గని యజమాని ఆ ఒక్కరోజుకే ఒప్పుకున్నాడు.

నేను బడికి పోలేదు. అక్షరాలు, కుట్టు, ప్రార్థన అన్నీ అమ్మ దగ్గరే, ఇంట్లోనే. చిరిగినది ఇవ్వకూడదు, ఉతకనిది ఇవ్వకూడదు అని ఆమె నేర్పిన పాఠం. సంచులు విప్పేసరికి బట్టల నిండా మసి, నూనె మరకలు. అదే సమయానికి కరెంటు వచ్చి మోటారు నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఇది దేవుని సహాయమే అనుకున్నాను. మాణెమ్మ కోడలు సబ్బులు తెచ్చింది. నలభై జతలు ఉతికాం. ఎండకు గంటలో ఆరాయి. చిరుగులు ఎక్కువున్న పదకొండు జతలకు అతుకులు కూడా వేశాను.

ఐదింటికి కీర్తన తిరిగొచ్చింది. దండెం చూసి అక్కడే మట్టిలో కూలబడింది.

"చిన్నమ్మా, గవేనే దుస్తులు. మూడు వారాలు మసి పూసిన."

"మరి పెట్టెలో?"

పెట్టె తెరిచి చూపింది. గొలుసులు, ముఖానికి తగిలించుకునే రబ్బరు తొడుగులు. పిల్ల కేకలేసి ఉంటే తేలిగ్గా ఉండేది. అది నా చెయ్యి పట్టుకుని "నీళ్లల్ల నానినయి, చేతులు ముడతలువడ్డయి చూడు" అంది.

మాణెమ్మ చాటలో జొన్నలు చెరుగుతూ అంతా విన్నది. "ఏందుల్లా, మట్టి అంటాల్నా బట్టలకు? గంతేనా? ఎకరం ఆలుగడ్డ ట్రాక్టరుతోని తిరగేసిపెట్టిన. ఏరేటోళ్లు దొరుకుతలేరు. ఎండకు పచ్చవడుతున్నయి. రేపు పొద్దుగాల గీళ్లందర్ని గా బట్టలల్లనే తోలు. మోకాళ్ల మీద పాక్కుంట ఏరితే, మీ లోకమేందో దానంతటదే ఆగమైతది."

మర్నాడు ఆరింటికి నలభైమంది ఉతికిన బట్టలు తొడుక్కుని చేనులోకి దిగారు. సబ్బు వాసన చేనంతా కొట్టింది. వాళ్లలో కంప్యూటరు ఉద్యోగులున్నారు, ఒక పళ్ల డాక్టరు ఉంది. మాణెమ్మ గట్టు మీద నిలబడి, "ఓ పుర్రె సారూ, ఎనక ఇడిసిపెట్టినవ్ చూడు. బ్యాంకుల గిట్లనే లెక్కవెడ్తవా?" అని మేనల్లుణ్ణే అదిలించింది. నేనూ ఒక సాలు ఏరాను. పదకొండింటికి ఎకరం అయిపోయింది. మోకాళ్లు, మోచేతులు, వీపులు ఎర్రమట్టితో గట్టిపడ్డాయి. నేను వేసిన అతుకుల్లో ఏడు పిగిలిపోయాయి. ఇంత సంతోషంగా నా కుట్టు ఊడిపోవడం ఎన్నడూ చూడలేదు.

మూడింటికి గనిలో పీపాలు మోగాయి. ఆ చప్పుడు పక్కటెముకల్లోకి దిగింది. చెవులు మూసుకుని ప్రార్థన చేశాను, అదీ వినబడలేదు. ఎవరికీ నటన నేర్పాల్సిన పని లేకపోయింది. నడుములు నిజంగానే పట్టేశాయి, నిజంగానే కుంటుతున్నారు. డైరెక్టరు ఒక చొక్కా చెయ్యి పట్టి చూసి, "ఇంత నిజమైన మురికి ఎట్ల తెచ్చినవ్?" అని కీర్తనను అడిగాడు.

'నేనే చేశాను' అంటే సరిపోయేది. పిల్ల నా వైపు ఒకసారి చూసి, ఉతుకుడు, అతుకులు, ఆలుగడ్డ అన్నీ చెప్పేసింది. నేను కొంగు తల మీదికి లాక్కున్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "వచ్చే పాటకు కూడ నువ్వే రా. చిన్నమ్మను మాత్రం సబ్బు లేకుంట తీసుకరా."

పాట పాడే గడ్డపాయన దగ్గరికొచ్చి మెల్లగా, "మోచేతికి మీరేసిన అతుకు ఉంచుకుంటనమ్మా, చలికి బాగున్నది" అన్నాడు. అలాంటి గొంతుకు అంత మెత్తని మాట ఉంటుందనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం బండిలో తిరిగి బయల్దేరాం. మాణెమ్మ ఇచ్చిన ఆలుగడ్డ సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. కీర్తన ఫోనులో సంగతంతా చెప్పింది. మా బావ "సరే, మాటంటే మాటే. నర్సింగు ముచ్చట ఇగ ఎత్తను" అన్నాడు. పిల్ల నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. దాని జుట్టులో ఇంకా ఎర్రమట్టి. దులపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చెడగొట్టింది నేను. దాన్ని మేలుగా తిప్పింది ఆ గట్టు మీద నిలబడ్డ మనిషి. ఆమెకు ఆ రోజు మా కష్టం ముఖ్యం కాదు, ఆలుగడ్డ ముఖ్యం. అయినా కృతజ్ఞత కృతజ్ఞతే. ఇది చదివిన మీరు మీ ప్రార్థనలో ఝరాసంగం వైపున్న మాణెమ్మను తలచుకోండి. వచ్చే ఏడు ఆలుగడ్డ ఏరే కాలానికి ఆమెకు కూలీలు దొరకాలి. అప్పటికి మళ్లీ లోకం అంతమవుతుందని నేను ఆమెకు మాట ఇవ్వలేకపోయాను.