మల్లేశం చేతికి ఇవ్వక తప్పని జీపు

జగిత్యాలలో పాత జీపులున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఐదు నిమిషాల్లో సిరిసిల్ల మల్లేశం పేరు వస్తుంది. ఆ పేరు వచ్చినప్పుడల్లా నేను తాగుతున్న చాయ్ సగంలో వదిలి లేచి వెళ్లిపోయేవాణ్ని. ముప్పై ఏళ్ల కిందట కోరుట్లలో ఒకే షెడ్డులో, ఒకే ఉస్తాద్ దగ్గర మేమిద్దరం పని నేర్చుకున్నాం. నేను ఏడాదిన్నరకే మానేసి జగిత్యాలలో విత్తనాల దుకాణం పెట్టుకున్నాను. మల్లేశం పానా వదల్లేదు. అతన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది. ఈ ప్రయాణం గురించి రాయాలంటే ముందు ఆ మాట ఒప్పుకోవాలి.

నా జీపు వయసు కూడా ముప్పై దాటింది. ఆరేడు నెలలుగా స్టీరింగ్ చక్రాన్ని నాలుగు వేళ్ల వెడల్పు అటూ ఇటూ తిప్పినా ముందు టైర్లు కదలడం లేదు. మెకానిక్కులు దీన్ని 'ప్లే' అంటారు. నేను నేర్చిన పనే కదా అని స్టీరింగ్ బాక్సు మీదుండే స్క్రూను నేనే మూడుసార్లు బిగించాను. బిగించినప్పుడల్లా రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్లీ అదే కథ. పైగా చక్రం బరువెక్కింది. మలుపు తిరిగాక దానంతట అది వెనక్కి రావడం మానేసింది. పోయిన నెల బుగ్గారం నుంచి వస్తుంటే ఎదురుగా బస్సొచ్చింది. ఎడమకు తిప్పాను. నా చేతులు తిరిగాయి, జీపు తిరగలేదు. బస్సు డ్రైవరు చివరి నిమిషంలో పక్కకు లాగబట్టి మా అద్దం ఒక్కటే పగిలింది. పక్కన కూర్చున్న నా భార్య శారద ఇల్లు చేరేదాకా ముందున్న కడ్డీ వదల్లేదు. గేటు ముందు దిగి, "గా మల్లేశం కాడికి తీస్కపోతవా, పాత ఇనుము కింద అమ్ముతవా? రెండిట్ల ఏదో ఒకటి జెయ్యి" అంది.

గురువారం ఉదయం ఏడింటికి బయల్దేరాం. "నువ్వొక్కనివే పోతే నడుమలకెల్లి మర్లొస్తవు" అంటూ శారద కూడా ఎక్కింది. ఆమె అనుమానం నిజమే. నేను వెళ్లాలనుకున్నది సిరిసిల్లకు కాదు, కోరుట్లకు. ఉస్తాదే బాగుచేస్తే మల్లేశం గడప తొక్కే పనుండదు. జగిత్యాల నుంచి కోరుట్ల పాతిక కిలోమీటర్లు. నిజామాబాద్ వైపు పోయే లారీలతో ఆ రోడ్డు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. నలభైకి మించకుండా నడిపితే గంట పట్టింది. బస్టాండు దగ్గర ఇడ్లీ, చాయ్ ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలయ్యాయి. ఎనిమిదిన్నరకు ఉస్తాద్ ఇంటి ముందు జీపు ఆపాను.

కరీం ఉస్తాద్‌కు డెబ్బై ఐదు దాటాయి. షెడ్డు మూసి చాలా కాలమైంది. రెండు కళ్లకూ చూపు బాగా తగ్గింది. గొంతు విని నన్ను గుర్తుపట్టి, పట్టుకుని నడిపిస్తే వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఇంజన్ వేయనీయలేదు. రెండు చేతులతో చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపి, తల పక్కకు వంచి విన్నాడు.

"బాక్సు కాదు రాజం. బాక్సును ఎవ్వడు గిట్ల ఖరాబు జేసిండు?"

నేనేనని చెప్పకుండా మాట మార్చాను. "మీరే చేయుండ్రి ఉస్తాద్. మీరు చెప్తుంటే నేను ఇప్పుత" అన్నాను.

"కండ్లు లేకుంట స్టీరింగ్ పని జెయ్యద్దు. ప్రాణాల తోని పని. మల్లేశం కాడికి పో." చక్రం మీద చేతులు అలాగే ఉంచి అన్నాడు. "వాని అసొంటి చెయ్యి నా షెడ్ల ఇంకొకటి రాలే. ఒక్క పిన్ను కోసం ఎల్లగొట్టిన. గది యాదికస్తే అన్నం సయ్యదు."

శారద నా వైపు చూసింది. నేను టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగాను.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగా వెళ్లాం. అరవై కిలోమీటర్ల పైమాటే. లారీలు తక్కువ, మలుపులు ఎక్కువ. లూజు స్టీరింగ్‌తో ఈ దారిలో వెళ్లమని ఎవరికీ చెప్పను. కథలాపూర్ దాటాక ఒక వరి పొలం పక్కగా రోడ్డు కుడికి తిరుగుతుంది. అక్కడికి రాగానే జీపు వేగం ఇరవైకి తగ్గించాను. ఆ మలుపు సంగతి శారదకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఉస్తాద్ స్టీరింగ్ పనులన్నీ మల్లేశానికే ఇచ్చేవాడు. నాకు టైర్లు విప్పడం, గ్రీజు పూయడం. ఇద్దరం ఒకే నెలలో చేరాం, నేను ఇంటర్ దాకా చదివాను, మా నాయిన బుగ్గారంలో ఇరవై ఎకరాల రైతు. చందుర్తిలో కల్లు గీయడానికి తాళ్లెక్కే ఆయన కొడుకు నాకంటే ఎక్కువ ఎట్లా అవుతాడని రాత్రింబవళ్లు రగిలేవాణ్ని. ఒక శుక్రవారం మల్లేశం ఊళ్ల మధ్య తిరిగే ఒక సర్వీసు జీపు పని ముగించి అన్నానికి కూర్చున్నాడు. చక్రాలను తిప్పే రాడ్డు దగ్గర నట్టు ఊడకుండా ఒక చిన్న పిన్ను గుచ్చుతారు. నేను కిందికి దూరి ఆ పిన్ను తీసేశాను. ఏ బండి అయినా బయటికి పోయే ముందు ఉస్తాద్ ప్రతి నట్టూ చేత్తో తడిమి చూస్తాడు. పిన్ను లేదని తెలిసి మల్లేశాన్ని నాలుగు తిడతాడు, అంతే అనుకున్నాను. కానీ ఉస్తాద్ నమాజు నుంచి తిరిగి రాకముందే డ్రైవరు వచ్చి జీపు తీసుకుపోయాడు. అది గేటు దాటుతుంటే చూస్తూ నిలబడ్డాను. పిన్ను నా జేబులో ఉంది. సాయంత్రానికల్లా ఆ జీపు ఈ మలుపు దగ్గర పొలంలో పడింది. డ్రైవరు చెయ్యి విరిగింది. మరునాడే ఉస్తాద్ మల్లేశాన్ని వెళ్లగొట్టాడు.

పదకొండున్నరకు సిరిసిల్ల చేరాం. మల్లేశం షెడ్డు ఊరి చివర, బట్ట నేసే సాంచాల చప్పుడు వినిపించే వీధిలో ఉంది. అప్పటికే నాలుగు జీపులు వరసలో ఉన్నాయి, రెండింటి పని ముగింపుకొచ్చింది. అందులో ఒకటి కోనరావుపేట నుంచి, ఇంకొకటి ఏకంగా నిజామాబాద్ నుంచి వచ్చిందట. నా దుకాణానికి పక్క మండలం వాళ్లు కూడా రారు. మల్లేశం తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను తేరిపార చూశాడు. భూములున్న ఇంటివాణ్నని అప్పట్లోనూ నన్ను పటేలా అనేవాడు.

"పటేలా, ఇన్నేండ్లకు తొవ్వ తెలిసిందా?"

వరస తప్పించి నా జీపు ముందు చూడలేదు. మా వంతు వచ్చేలోపు పక్క మెస్‌లో భోజనం చేశాం, మనిషికి వంద. తర్వాత శారద చీరల దుకాణానికి వెళ్లింది. ఒంటిగంటకు మల్లేశం నన్ను సీట్లో కూర్చోబెట్టి చక్రం మెల్లగా కదపమన్నాడు. తను కింద పడుకుని, చక్రం దగ్గర మొదలైన కదలిక ఎక్కడ ఆగిపోతుందో వేళ్లతో పట్టుకుంటూ వచ్చాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. స్టీరింగ్ రాడ్డు పై కొసన దాన్ని కదలకుండా పట్టి ఉంచే తొడుగు, బుష్, పూర్తిగా అరిగిపోయింది. రాడ్డును బాక్సుతో కలిపే జాయింటు కూడా వదులైంది. నేను ఏడు నెలలు వెతికి పట్టుకోలేనిది అతని వేళ్లకు ఐదు నిమిషాల్లో దొరికింది. పైనుంచి పెడళ్ల సందులోంచి ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. అవి నావి ఎందుకు కాలేదన్న పాత మంట మళ్లీ లేచింది. మొహాలు కనపడకుండా ఉన్నప్పుడే చెప్పాలనిపించింది.

"మల్లేశం, గా శుక్రారం పిన్ను నేనే తీసిన."

కింద నుంచే జవాబు వచ్చింది.

"ఎరుకే. చక్రం ఎడమకు తిప్పు."

"ఎరుకనా?"

"పెట్టింది నేనే గద. పెట్టి రెండు కొసలు మలిచిన. మలిచిన పిన్ను దానంతట అది ఊడదు పటేలా. షెడ్ల ఉన్నది నువ్వు, నేను."

"మరి ఉస్తాద్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. ఇనలే. మీ ఊరి ట్రాక్టర్లన్ని గాడికే అచ్చేటియి. తాళ్లెక్కెటోని కొడుకు మాట ఎవ్వలింటరు?"

మాఫ్ చెయ్యమన్నాను. అతను బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు.

"నాకు ఎరుకున్నదే నాకు మళ్ల జెప్పుడెందుకు? ఉస్తాద్‌కు జెప్పు. ఆయన పెద్ద మనిషి, ఎన్ని రోజులుంటడో. నేను తప్పు జేసిన్నని అనుకుంటనే పోవద్దు. గా మాట తోనే నేను ముప్పై ఏండ్లు ఆయన గడప తొక్కలే."

మూడు గంటలకు పని అయిపోయింది. కొత్త బుష్, కొత్త జాయింటు వేశాడు. నేను బిగించి పాడుచేసిన స్క్రూను మళ్లీ సరైన చోటికి తెచ్చాడు. సామాన్లకు పద్దెనిమిది వందలు, మజూరీ తొమ్మిది వందలు. ఒక్క రూపాయి తగ్గించలేదు, ఎక్కువా తీసుకోలేదు. ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాడు. అప్పటికే వచ్చి ఒక పక్కన నిలబడ్డ శారద, "ఎంత నిమ్మళంగ జేస్తుండయ్యా! మనిషంటే గట్లుండాలె" అంది. ఆ రోజు నాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన మాట అదే.

జీపు తీగ లాగినట్టు పోతోంది. చక్రం మీద రెండు వేళ్లు చాలు. వేములవాడలో నేను చందుర్తి రోడ్డు పట్టగానే శారద అడిగింది.

"జగిత్యాల తొవ్వ గిది గాదు గద?"

"కోరుట్లకు పోవాలె."

కారణం మొత్తం చెప్పాను. అంతా విని ఆమె ఒక్క మాటే అడిగింది.

"చెయ్యి ఇరిగిన డ్రైవరు ఏమైండు?"

నాకు తెలియదు. ముప్పై ఏళ్లలో ఎవరినీ అడగలేదు.

ఐదున్నరకు ఉస్తాద్ ఇంకా వాకిట్లో కుర్చీలోనే ఉన్నాడు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనేమోనని భయం. ఆయన నన్ను తిడతాడనుకున్నాను, కర్రెత్తినా తలవంచేవాణ్ని. ఆయన చెయ్యి చాపి, "ఫోన్ కలుపు" అన్నాడు. మల్లేశానికి కలిపాను. ఫోన్ నేనే ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను.

"బేటా మల్లేశం, నేను... కరీంను."

అవతలి నుంచి ఏడుపో దగ్గో వినిపించింది. ఏడాదిన్నర ఆయన దగ్గర పనిచేశాను, నన్ను ఒక్కసారీ బేటా అనలేదు. అంత పని చేసినవాణ్ని, ఆ క్షణంలో ఆ ఫోన్ పట్టుకుని నిలబడి కూడా, ఆ ఒక్క పిలుపు కోసం మల్లేశం మీద అసూయ పడ్డాను.

ఇది రాయడానికి రెండు వారాలు పట్టింది. మరుసటి శుక్రవారం మల్లేశం కోరుట్ల వెళ్లి ఉస్తాద్‌ను చూసివచ్చాడని విన్నాను. ఆ డ్రైవరు ఊరి పేరు ఉస్తాద్ చెప్పాడు. అక్కడికి ఇంకా వెళ్లలేదు, ఈ నెలలోనే వెళ్లాలి. చెప్పేస్తే మనసులో మంట ఆరిపోతుందనుకున్నాను, ఆరలేదు. అంత జరిగినా ముప్పై ఏళ్లు చేదు కాకుండా ఎట్లా బతికాడని ఇప్పుడు ఇంకో కొత్త అసూయ. అయితే చాయ్ దుకాణంలో అతని పేరు వచ్చినప్పుడు ఇప్పుడు లేచి పోవడం లేదు. చివరిదాకా కూర్చుని వింటున్నాను.

పాత జీపు స్టీరింగ్ లూజుగా ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి. బాక్సు స్క్రూ జోలికి పోకండి. ఇంజన్ ఆపి, టైర్లకు అడ్డం పెట్టి, ఒకరు చక్రాన్ని మెల్లగా కదుపుతుంటే ఇంకొకరు రాడ్డు పై కొస నుంచి కింది దాకా చూస్తూ రండి. కదలిక ఎక్కడ ఆగిపోతే లోపం అక్కడే. అయినా దొరక్కపోతే సిరిసిల్ల వెళ్లండి, పొద్దున్నే వెళ్లండి, వరస పెద్దది. ఊళ్లో ఎవరినడిగినా మల్లేశం షెడ్డు చూపిస్తారు. అతని కంటే బాగా చేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు.