యజ్ఞనారాయణ హుడ్ మీద గుంటలు

యజ్ఞనారాయణ గ్యారేజీలో నేల మీద అన్నం పెట్టుకుని తినవచ్చని అమెరికాలోని మోరిస్‌విల్ తెలుగువాళ్ళు చెప్పుకుంటారు. తినవచ్చు గానీ ఆయన తిననివ్వడు. మెతుకు పడితే చీమ వస్తుంది, చీమ వెనకాల ఇంకోటి వస్తుంది, ఆ ఇంకోటి ఏమిటో తేలేదాకా ఆయనకు నిద్ర పట్టదు. ముప్పై ఏళ్ళకు పైగా మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేసిన మనిషి. సీసాలో నలక కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కంపెనీ ఆయన్ని వదిలేసింది గానీ అనుమానం వదల్లేదు. ఇప్పటికీ వాసన చూడందే పాలు కాఫీలో పోయడు. పెళ్ళి భోజనాల్లో చెంచాని జేబురుమాలుతో తుడుచుకుని, ఆ తర్వాత జేబురుమాలుని పరీక్షగా చూసుకుంటాడు.

ఇలాంటి మనిషికి డెబ్బై దాటాక కారు కట్టాలని బుద్ధి పుట్టింది. కొనడం కాదు, కట్టడమే. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే పాతకాలపు మోడల్, రెండే సీట్లు, పైకప్పు ఉండదు. బిగించుకోవడం, రంగు వేసుకోవడం అంతా మన చేతుల మీదే జరగాలి. అందుకోసం గ్యారేజీ రూపమే మార్చేశాడు. గోడలకు తెల్ల రంగు, నేలకు జారుడుబండలాంటి బూడిద రంగు పూత, గుమ్మంలో జిగురు చాప. దాని మీద కాలు పెడితే అరికాలి దుమ్మంతా దానికే అంటుకుపోతుంది. ప్రతి రెంచికీ గోడ మీద దాని ఆకారంలోనే గీసిన చోటు ఉంది. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి నేలంతా వాక్యూమ్ చేస్తాడు. ఆయన కారు కట్టే సమయం కంటే తుడిచే సమయమే ఎక్కువని భార్య ప్రమోద అంటుంది. అందులో మెచ్చుకోలేమీ లేదు.

ఈ పనిలో ఆయనకు తోడు జగన్మోహన్. వరంగల్ నుంచి వచ్చి, ఇక్కడ రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరూ వయసులో ఉన్నప్పటి స్నేహితులు. రెండేళ్ళ కిందట భార్య ధనమ్మ పోయిన దగ్గర్నుంచి జగన్మోహన్ రోజూ పొద్దున పదింటికల్లా వచ్చి, బూట్లు విప్పి, మడత కుర్చీ వాల్చుకుని కూర్చుంటాడు. శాండ్‌పేపర్ పట్టమంటే పడతాడు, వద్దంటే కబుర్లు చెప్తాడు. మధ్యాహ్నం ప్రమోద పెట్టింది తిని ఇంటికి వెళ్ళిపోతాడు.

కారు దాదాపు అయిపోయింది. ఇంజన్ మోగింది. తలుపులకూ వెనక భాగానికీ మామిడాకు పచ్చ రంగు పడి నిగనిగలాడుతోంది. మిగిలిందల్లా హుడ్, అంటే ఇంజన్ మీది మూత, ఒక్కటే. ఆ హుడ్ మాత్రం లొంగలేదు. రంగు కొట్టిన నిమిషానికే దాని మీద చిన్న చిన్న గుండ్రటి గుంటలు తేలుతున్నాయి. చేప కళ్ళలా ఉంటాయని ఈ పని చేసేవాళ్ళు వాటిని ఫిష్ ఐ అంటారు. రంగు కింద నూనె ఉంటే అలా అవుతుంది. బొట్టు కూడా అక్కర్లేదు, వేలి జిడ్డు చాలు. ఒకసారి అలా పడితే రంగు ఆరనిచ్చి, అంతా గీకి, మళ్ళీ మొదటికి రావాల్సిందే. జనవరి నుంచి ఇప్పటికి మూడుసార్లు గీకారు.

అవతల మార్చి వచ్చేసింది. నార్త్ కరోలినాలో పైన్ చెట్ల పుప్పొడి రాలడం మొదలైతే ఊరు ఊరంతా పసుపు చల్లినట్టు అయిపోతుంది. కార్లు, కిటికీలు, కుక్కల వీపులు, దేన్నీ వదలదు. తలుపులు ఎంత బిగించినా ఏదో సందులోంచి లోపలికి దూరుతుంది. అది మొదలైందంటే మే దాకా రంగు మాట ఎత్తడానికి లేదు. పోయిన శీతాకాలం డాక్టరు యజ్ఞనారాయణ గుండెలో రెండో స్టెంటు వేశాడు. ఈ వసంతంలోనే మోహన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారులో సముద్రం దాకా వెళ్ళి రావాలని ఆయన కోరిక. వచ్చే వసంతం మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదు. ప్రైమర్ పూసిన హుడ్‌తోనే వెళ్ళి రావచ్చుగా అని మీరూ నేనూ అనుకుంటాం. మచ్చ ఉన్న సరుకుని ఆయన గడప దాటనివ్వడు.

నూనె అన్నాక అనుమానం ముందు వంటచేసేవాళ్ళ మీదికే పోతుంది. ఇల్లంతా వాసన పట్టకుండా వేపుళ్ళకూ గారెలకూ గ్యారేజీలో ఇంకో స్టవ్ పెట్టుకోవడం ఇక్కడ చాలా తెలుగు ఇళ్ళలో ఉన్నదే. ప్రమోద స్టవ్‌ని ఆయన ఎప్పుడో పెరట్లో చెక్క అరుగులాంటి డెక్ మీదికి తరిమేశాడు. అయినా నమ్మకం కుదరలేదు.

"మొన్న గారెలు ఎక్కడ చేశావ్?" అని అడిగాడు.

"డెక్ మీదే. చలికి వణుకుతూ చేశాను. తినేటప్పుడు అడగలేదేం?"

"అప్పుడు గ్యారేజీ తలుపు తీసి లేదు కదా?"

"తీశానండీ. మీ హుడ్‌కి కూడా రెండు గారెలు పెడదామని."

ఆయన నవ్వలేదు. ఆమె అటు తిరగ్గానే కొక్కేనికి వేలాడుతున్న ఆమె స్వెట్టర్ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తర్వాత రంగు కొట్టడానికి గాలి తోసే కంప్రెసర్ మీద అనుమానం వచ్చింది, దానికి కొత్త ఫిల్టర్ వేశాడు. తుడిచే గుడ్డల మీద వచ్చింది, పాతవన్నీ పారేసి సీలు విప్పని గుడ్డలు తెప్పించాడు. ఎదురింటివాళ్ళ బట్టల డ్రయర్ గొట్టం మీద కూడా వచ్చింది గానీ, వాళ్ళింటికి వెళ్ళి అడగకుండా ప్రమోద అడ్డుపడింది.

అప్పుడు పాత ఉద్యోగం గుర్తొచ్చింది. వంటింట్లోంచి నాలుగు స్టీలు కంచాలు తెచ్చాడు. ప్రమోద పెళ్ళినాటివి, అంచుల మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. హుడ్‌ని తుడిచిన గుడ్డతోనే వాటినీ తుడిచి, హుడ్‌కి నాలుగు పక్కలా పెట్టి, అన్నిటి మీదా ఒకే రంగు ఒకేసారి కొట్టాడు. కంచాలు నున్నగా అద్దాల్లా వచ్చాయి. హుడ్ మీద మళ్ళీ గుంటలు.

"నా కంచాలు!" అంది ప్రమోద గుమ్మంలోంచి.

"అది సాక్ష్యం. ముట్టుకోకు."

నూనె గాలిలో ఉంటే కంచాల మీదా పడేది. రంగులో ఉంటే కంచాలకూ గుంటలు రావాలి. అలా రాలేదు గనుక గాలి తప్పు లేదు, రంగు తప్పు లేదు, ప్రమోద గారెల తప్పూ లేదు. హుడ్‌ని తుడిచాక, రంగు కొట్టేలోపు ఎవరిదో చెయ్యి తగులుతోంది. గ్యారేజీలో ఉండేది ఇద్దరే మనుషులు. తన చేతులకు గ్లవ్స్ ఉంటాయి. ఇంకేముంది, మిగిలినవాడు మోహన్.

ఆ ఆలోచన ఆయనకే చేదుగా ఉంది. కానీ ఒకసారి దూరాక ఊరుకుంటుందా? మర్నాడు జగన్మోహన్ వచ్చి కూర్చోగానే ఆయన చూపు నూనె రాసి పాయ తీసిన అతని తల మీదికే పోయింది.

"ఆ తలకి నూనె మానెయ్యరాదూ?" అన్నాడు.

"ధనమ్మ చేసిన అలవాటు భై. ఆమె పోయింది గని అలవాటు పోలే," అన్నాడు జగన్మోహన్. "అయినా నా నూనె నా నెత్తి మీదనే ఉంటది గద. నీ కార్ మీదికెట్ల పోతది?"

"నేనూ అదే అడుగుతున్నా."

జగన్మోహన్ చేతిలో శాండ్‌పేపర్ ఆగింది. "నన్ను అనుమానిస్తున్నవా, యజ్ఞం?"

"నేను అందర్నీ అనుమానిస్తా. నీకు స్పెషల్ ఏం లేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్న మరుక్షణమే అనిపించింది. జగన్మోహన్ ఆ రోజు భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయాడు. రేపు రాడేమోనని యజ్ఞనారాయణకు గుబులు పట్టుకుంది. వచ్చాడు, మామూలుగానే పదింటికి.

కొన్నాళ్ళు కూర్చుని గీకి, హుడ్‌ని మళ్ళీ సిద్ధం చేశారు. పుప్పొడి రేపో ఎల్లుండో మొదలవుతుందని ఫోన్ చెప్పింది. ఇదే ఆఖరి అవకాశం. ఆ పొద్దున యజ్ఞనారాయణ ఒక పని చేశాడు, చేస్తూ కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. కారుకి ఇంకా బిగించని సైడు అద్దాన్ని బల్ల మీద పెట్టి, పక్కనున్న లాండ్రీ గది గుమ్మంలోంచి చూస్తే హుడ్ కనపడేలా తిప్పాడు. తర్వాత హుడ్‌ని శుభ్రంగా తుడిచి, "ఓవరాల్ వేసుకొస్తా, అక్కడే ఉండు," అని లోపలికి వెళ్ళి, తలుపు ఓరగా వేసి నిలబడ్డాడు.

అద్దంలో జగన్మోహన్ కుర్చీలోంచి లేచాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. కుడిచెయ్యి తల మీద ఒకసారి రాసుకున్నాడు. అరచెయ్యి మొత్తం హుడ్ మీద ఆనించి, పిల్లాడికి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. మొహం బాగా చిన్నబోయి ఉంది.

యజ్ఞనారాయణకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి, "దొరికాడు!" అన్నాడు. "నా కళ్ళతో చూశాను ప్రమోదా. కావాలని చేస్తున్నాడు, మోహన్! ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని, నాతో పాటు గీకి, మళ్ళీ తనే..."

ప్రమోద టీ వడకట్టడం ఆపింది. "మెల్లిగా అనండి, వినపడుతుంది. నిజంగా చూశారా?"

"చూశానంటున్నా కదా! ఇప్పుడే వెళ్ళి కడిగేస్తాను."

"ఆగండి." ఆమె స్టవ్ కట్టేసింది. "మీకు చెప్పొద్దని అన్నయ్యగారు అన్నారని ఊరుకున్నాను. వాళ్ళబ్బాయి రవికాంత్ తన దగ్గరికి వచ్చెయ్యమని ఒకటే గొడవట. కాలిఫోర్నియా డబ్లిన్‌లో పెద్ద ఇల్లు కొన్నాడు కదా, కింద రూమ్ ఈయన కోసమేనట. ఇక్కడి హౌస్ అమ్మేద్దాం అంటున్నాడు. అన్నయ్యగారికేమో ఆ కాలిఫోర్నియా పోవడం ఇష్టం లేదు. యజ్ఞం కారు పూర్తయ్యేదాకా కదలను, పూర్తయిన రోజే టికెట్ బుక్ చేసుకో అని కొడుక్కి మాటిచ్చారట."

"ఎప్పుడు చెప్పాడు నీకు?"

"క్రిస్మస్ అప్పుడు."

గుంటలు పడటం మొదలైంది జనవరిలో. యజ్ఞనారాయణకు ఇక ఆరా తీయాల్సినదేమీ మిగల్లేదు. ముందు ఉక్రోషం వచ్చింది. నాకెందుకు చెప్పలేదు? ప్రమోదకు చెప్పాడు, నాకెందుకు చెప్పలేదు? ఆ వెంటనే భయం వేసింది. డాక్టరు స్టెంటు మాట చెప్పినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. పొద్దున పదింటికి గ్యారేజీ తలుపు తీసుకుని, ఒక్క నలక లేని ఆ నేలని మళ్ళీ తుడుచుకుంటూ, మాట్లాడే మనిషి లేకుండా తను ఒక్కడే ఉండటం కళ్ళకు కట్టింది. మోహన్ లేకుండా తనకు ఆ కారు అక్కర్లేదు. ఈ సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియదు.

ఓవరాల్ తొడుక్కుని, మాస్కు పెట్టుకుని గ్యారేజీలోకి వచ్చాడు.

"ఏంది గింత లేటు?" అన్నాడు జగన్మోహన్.

"జిప్ పట్టలేదు."

భుజం మీద తుడిచే గుడ్డ ఉంది. చెయ్యి ఎక్కడ ఆనిందో ఆయనకు తెలుసు. ఒక్కసారి తుడిస్తే చాలు, హుడ్ అద్దంలా వస్తుంది, ఆదివారానికి కారు రోడ్డెక్కుతుంది, నెల తిరిగేసరికి ఈ కుర్చీ ఖాళీ అవుతుంది. తెలిసి తెలిసి ఒక్క చెడ్డ బ్యాచ్‌ని కూడా దాటనివ్వని మనిషి ఆ గుడ్డని బల్ల మీద పెట్టేసి, స్ప్రే గన్ ఎత్తి, ఈ చివర నుంచి ఆ చివర దాకా రంగు కొట్టాడు.

ఇద్దరూ నిలబడి చూశారు. గుంటలు ఒక్కొక్కటే తేలాయి. ఇదివరకట్లా అక్కడొకటి ఇక్కడొకటి కాదు. అరచెయ్యి, బొటనవేలు, పక్కన నాలుగు వేళ్ళు, పచ్చటి రంగులో స్పష్టంగా విచ్చుకున్నాయి. చిన్నపిల్లాడిని అడిగినా అదేమిటో చెప్తాడు. జగన్మోహన్ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

యజ్ఞనారాయణ మాస్కు కిందికి లాగి, హుడ్ మీదికి వంగి, తీరిగ్గా పరిశీలించాడు.

"ఈ గాలిలో ఏం కలుస్తోందో అర్థం కావట్లేదోయ్," అన్నాడు. "ఇంక పుప్పొడి వచ్చేస్తుంది. మే దాకా చెయ్యి పెట్టడానికి లేదు."

"మే దాకనా?" అన్నాడు జగన్మోహన్.

"మేలో మాత్రం కుదురుతుందని ఏం చెప్పగలం? ఆ ఉక్కలో రంగు సరిగ్గా పట్టదు. రవికాంత్‌కి ఫోన్ చేసి, ఇప్పట్లో అవదని చెప్పు."

కొడుకు పేరు వినగానే జగన్మోహన్ తలెత్తి చూశాడు. యజ్ఞనారాయణ అప్పటికే అటు తిరిగి గన్ కడుగుతున్నాడు. జగన్మోహన్ జేబులోంచి చెయ్యి తీసి, కళ్ళు తుడుచుకుని, కుర్చీని హుడ్ దగ్గరికి జరుపుకున్నాడు.