రెండు వేళ్ళ సందు

నా చేతిరాత బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పాయో నాకే తెలియదు. ఊరి బడిలో పలక మీద నేర్చిన చదువు నాది. గుర్రాల వెంట పడి పట్నం వచ్చాక కలం పట్టింది తక్కువ. చదివేవారు మన్నించాలి. గుర్రాలు పెట్టుకున్న అన్నదమ్ములు ఈ పత్రిక చదువుతారని ఒకాయన చెబితే ధైర్యం చేసి రాస్తున్నాను.

మా గల్లీ ఆపా, మా అందరికీ అక్కలాంటిది, చనిపోయింది.

పోయిన శుక్రవారం పొద్దున మైనాను పట్టుకుని ఆమె ఇంటి ముందుకు వెళ్ళాను. మైనా నేను చూసుకునే ఆడగుర్రం, బరాతుల్లో పెళ్ళికొడుకును మోస్తుంది. ఆపా తలుపుకు ఎప్పుడూ వేలాడే పరదా ఆ రోజు పైకి ఎత్తి కట్టి ఉంది. గడప బయట చెప్పులు చాలా ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఆ గల్లీలో గుర్రాన్ని తిప్పే చోటు లేదు. మైనా రొమ్ము మీద చెయ్యి పెట్టి, వెనక్కి వెనక్కి నడిపిస్తూ మూలమలుపు దాకా పోయాను. అది పరదా ఉన్న దిక్కే చూస్తూ అడుగులు వేసింది.

ఆపా భర్త గుర్రాలకు తోలు సామాను కుట్టేవాడు. ఆయన పోయాక తోలు పొడిచే ఆరె ఆమె చేతికి వచ్చింది. మొదట్లో తెగిన పగ్గాలు కుట్టి ఇచ్చేది. పోనుపోను చార్మినార్ చుట్టుపక్కల ఏ గుర్రానికి ఏ కళ్ళెం పెట్టాలన్నా ఆమెనే అడిగేవాళ్ళం. అడిగేవాళ్ళమంతా మగవాళ్ళం. ఆమె పరదా దాటి రాదు. అందుకని గుర్రమే పరదా లోపలికి తల పెట్టేది. తల ఆమె దగ్గర, ఒళ్ళు గల్లీలో నా దగ్గర.

మొదటిసారి ఏ గుర్రమూ పెట్టదు. ఆపా లోపలి నుంచి నాలుకతో చిన్న చప్పుడు చేసేది. ఎంతసేపైనా కానీ, తల దానంతట అదే రావాలి. నేను వెనక నుంచి నెట్టకూడదు. ఈలోగా గల్లీలో బండ్లు ఆగిపోయేవి. ఒకసారి ఒక ఆటో అబ్బాయి హారన్ కొట్టి కొట్టి విసిగి, తల బయటికి పెట్టి అరిచాడు.

"ఏంది తాతా, గుర్రానికి పెళ్ళిచూపులా? లోపల పిల్ల నచ్చిందో లేదో జల్ది చెప్పమను! సవారీ లొల్లి పెడుతున్నది ఈడ."

నేను తల దించుకున్నాను. పరదా వెనక నుంచి ఆపా గొంతు వచ్చింది.

"నీ మూతికి గూడ ఒక పట్టీ కుడతా, ఇటు రా బేటా! పైసలు గూడ అడగ."

గల్లీ అంతా నవ్వింది. ఆ అబ్బాయి కూడా నవ్వి ఇంజన్ ఆపేశాడు.

గుర్రం నోరు చూసే ముందు ఆపా చాలా అడిగేది. ఏం తింటుంది, నీళ్ళు ఎట్లా తాగుతుంది, ఏ దిక్కు నములుతుంది.

"ఏ దిక్కో సూడలే ఆపా."

"రేపు సూసి రా భాయ్. చెప్పులు కొనేటప్పుడు కాలు సూడవా?"

మరునాడు చూసి వచ్చి చెప్పేవాణ్ణి. అప్పుడు గోడకు వేలాడే కళ్ళెం ఇనుములు, గుర్రం నోట్లో పెట్టేవి, ఒక్కొక్కటి తీసే గలగల వినిపించేది. మా దగ్గర ఒక తెల్ల గుర్రానికి నాలుక లావు. లావు ఇనుము అయితే మెత్తగా ఉంటుందని నేను అదే తెచ్చాను. ఆపా తీసి నా చేతికి ఇచ్చింది. "నోరు నిండ నాలుకనే ఉన్నది. ఇంత లావుది యాడ పడతది?" అని సన్నది పెట్టింది. ఇంకొక ఎర్ర గుర్రానికి అంగిలి కిందికి ఉండేది. నడుమ ఒక్క కీలు ఉన్న ఇనుము పగ్గం లాగినప్పుడల్లా మడత పడి పైకి గుచ్చేది. దానికి నడుమ గింజలాంటి చిన్న ముక్క ఉన్న ఇనుము వెతికి ఇచ్చింది. ఏదీ వెంటనే అమ్మేది కాదు. "తీస్కపో. కొన్ని దినాలు పెట్టు. దానికి నచ్చితే నీకు నచ్చినట్టు" అనేది.

ఇనుము ఎంత పైకి ఉండాలో ఆమె చెప్పిన మాట ఇప్పటికీ మాలో అందరూ అనుకుంటారు. "పెదవి మూలకు ఒక్క ముడత రావాలె. రెండు వచ్చినయంటే అది నవ్వు గాదు భాయ్, ఏడుపు."

చలికాలం పొద్దున ఇనుమును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వేడి చేసి కానీ నోటికి ఇచ్చేది కాదు. అంతసేపూ గుర్రంతో మెల్లగా ఏదో చెప్పేది. నాకు మాటలు తెలిసేవి కావు. గుర్రం చెవులు పరదా లోపల ఉండేవి కాబట్టి అది వింటుందో లేదో చూడలేకపోయేవాణ్ణి. తోక మాత్రం ఆగిపోయేది.

గుర్రం నోరు తెరుస్తోంది, ముక్కు చుట్టూ కట్టే పట్టీ బిగించి ఇమ్మని వచ్చేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ మీద ఆపాకు కోపం వచ్చేది. "నోరు గట్టేస్తే నొప్పి చెప్పుడు బందైతది. నొప్పి బందైతదా?" అని పట్టీ వదులు చేసి పంపేది.

బరాతు మా గల్లీ ముందు నుంచి పోతే ఆమె పరదా వెనక నిలబడి వినేది. బ్యాండు ముందు పోతుంది, గుర్రం వెనక వస్తుంది. పోయిన పెళ్ళిళ్ళ కాలం ఆఖరున ఒకసారి అట్లా మైనాను నడిపించుకుని పోయాను. మరునాడు పొద్దున ఆపా నన్ను పిలిపించింది.

"నిన్న మైనా ఇనుము నములుతలేదు భాయ్. సప్పుడే రాలే. పండ్లు కరుచుకుని ఉన్నది."

నిజమే. మైనా తల ఎగరేయడం మొదలుపెట్టింది. ఆపా ఆ మాట అన్న సాయంత్రమే ఇంకొక బరాతులో పెళ్ళికొడుకు పడబోయాడు. మైనా నాది కాదు, ఒక సేటుది. సేటు నా ముందుకు ముళ్ళ కళ్ళెం విసిరాడు. నాలుక మీద గుచ్చుకునే ముళ్ళు ఉంటాయి దానికి. అది పెడితే ఏ గుర్రమైనా తల దించుతుంది.

"గిది పెట్టు. లేకపోతే అమ్మేస్త. పెట్టేటోళ్ళు మస్తుమంది ఉన్నరు" అన్నాడు సేటు.

నేను ఆ కళ్ళెం ఆపాకు చూపించాను. ఆమె తాకలేదు. మైనా నోట్లో చెయ్యి పెట్టి చాలాసేపు తడిమింది. నాకు భయం వేసి, "ఆపా?" అన్నాను.

"దవడ ఎముక మీద గడ్డ ఉన్నది. పాతది. నీ దగ్గరికి రాకముందు ఎవడో గిసుంటిదే పెట్టిండు. ఈమె నోట్లెకు ఇంక ఇనుము నక్కో భాయ్. ఏ ఇనుమూ వద్దు. ముక్కు మీదనే నడుపుదం."

అట్లా మొదలైంది ఆ పట్టీ. వెడల్పు తోలు, లోపల మెత్తటి నమ్దా ఉన్నిగుడ్డ, రెండు పక్కలా పగ్గాలకు కడియాలు. నేను ఉస్మాన్‌గంజ్‌కు దాణా కోసం పోయినప్పుడల్లా ఏదో ఒకటి తెమ్మనేది. పట్టీ తయారయ్యాక ఆపానే మైనాకు తోలుతాడుతో ముడి వేసి కట్టి గల్లీలో నడిపించమంది. నడిపించాను. మైనా తల దించి, పొడవుగా ఊపిరి వదిలి నడిచింది. సేటు వచ్చి చూశాడు. "ఒక్క బరాతు సూస్త. ఈసారి తల ఎగరేస్తే ముళ్ళదే" అన్నాడు.

ఒక్క పని మిగిలింది. కొక్కెం పెట్టే రంధ్రం పొడవలేదు. కొత్త తోలు సాగుతుంది, కొన్నాళ్ళు తొడిగి సాగనిచ్చాక పొడుస్తానంది ఆపా. ఆ శుక్రవారం నేను పోయింది అందుకే. పొద్దున టీ పెట్టుకుని కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయిందట. ఆపా కోడలు చెప్పింది.

జనాజా వెనక నడిచాను. కొంతదూరం నాకూ భుజం పట్టే చోటు ఇచ్చారు. బరువే లేదు. ఆమె ముఖం నేను ఎన్నడూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు. మా గుర్రాలన్నిటికీ తెలుసు ఆ ముఖం.

తోలు సాగి ఆపా వేసిన ముడి వదులైపోయింది. తర్వాత ఆరె తీసుకుని నేనే రంధ్రం పొడుద్దామని కూర్చున్నాను. పట్టీకీ ముక్కు ఎముకకూ నడుమ రెండు వేళ్ళు పట్టాలని ఆపా ఎప్పుడూ అనేది. నా రెండు వేళ్ళు పెట్టి చూశాను. పగ్గాలు లాగి లాగి మొద్దుబారిన వేళ్ళు నావి. పట్టీ జారి, ఊపిరి ఆడే మెత్తటి చోటు మీదికి వచ్చింది. ఒక్క వేలు పెట్టి చూశాను. మైనా తల విసిరికొట్టింది. అప్పుడు తెలిసింది, ఆ రెండు వేళ్ళు ఆమెవి. మా అందరి గుర్రాలకూ అవే కొలత.

సిగ్గుపడుతూనే కోడలిని అడిగాను.

"బేటీ, ఆపా వేళ్ళు ఎట్లుండె?"

ఆ పిల్ల తన చెయ్యి ముందుకు చాపి చూసుకుంది. ఏడ్చింది.

"నా వేళ్ళ కన్నా సన్నం చాచా. గని కుట్టి కుట్టి సూపుడు వేలు వంకర పోయుండె. ఎట్ల జెప్పాలె?"

ఆమె కట్టిన పట్టీలు ఉన్న గుర్రాల కోసం గల్లీలన్నీ తిరిగాను. కొన్ని గుర్రాలు లేవు. కొన్ని ఉన్నాయి, వాటి పట్టీలు ఎవరో బిగించారు. కొందరు బండ్లు అమ్ముకుని ఊరు విడిచారు. మీలో వాళ్ళు ఉండవచ్చు.

మీ దగ్గర ఆపా కట్టిన ముక్కు పట్టీ, ఆమె పొడిచిన రంధ్రం మీదే ఇంకా ఉంటే, దయచేసి విప్పకండి. బిగించకండి. గుర్రాన్ని నిదానంగా నిలబెట్టి, ఒక కాగితం మడవండి. పట్టీకీ ముక్కుకూ నడుమ ఆ సందులో సరిగ్గా పట్టేదాకా మడవండి. గుర్రం తల విదిలించకుండా ఒప్పుకునేంత మందం. ఆ మడత విప్పకుండా కవరులో పెట్టి, ఈ పత్రిక వారి పేరున పంపితే నాకు అందుతుంది. నలిగినా, చెమట తగిలినా పరవాలేదు. అందులో ఏమీ రాయనక్కరలేదు.

పెళ్ళిళ్ళు దగ్గర పడ్డాయి. సేటు రోజూ అడుగుతున్నాడు. మైనా ముఖం మీద ఏమీ కట్టకుండా ఉంచాను. మీ కాగితం వచ్చేదాకా రంధ్రం పొడవను. జర తొందరగా పంపండి.