శిక్షణకు పోయే మనిషి

నిన్న రైతుబజారు నుంచి మా ఆవిడ టమాటాలు తెచ్చిన సంచి మీద, సగం చెరిగిపోయిన అక్షరాల్లో 'మూడు రోజుల శిక్షణా కార్యక్రమం' అని కనబడేసరికి నాకు నవ్వాగలేదు. సర్కారు ఉద్యోగం చేసిన మీ అందరి ఇళ్లలోనూ శిక్షణకు పోతే ఇచ్చే అలాంటి సంచులు ఒకటో రెండో ఉండే ఉంటాయి. మా ఇంట్లో మాత్రం పదకొండు ఉండేవి.

నేను ఆళ్లగడ్డలో కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, నంద్యాలలో శిక్షణ ఉంది, ఒకరిని పంపమని కాగితం వచ్చింది. నీళ్ల లెక్క చూసే ఆయన్ని పంపితే రైతులు మీదపడతారు, టైపు చేసే ఆమెను పంపితే ఉత్తరాలు ఆగిపోతాయి అనుకుంటూ, అందరి ముఖాలూ చూసిన మా పెద్దసారు చివరికి నా దగ్గర ఆగాడు. "నువ్వు పోయి రాప్పా. నువ్వు ల్యాకున్నా ఈడ ఏమీ ఆగదు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు గానీ, నాకు ఎక్కడో గుచ్చుకుంది.

అప్పటినుంచి ఏ శిక్షణకైనా నేనే. మంటలార్పడం, పాముకాటుకు ప్రథమ చికిత్స, ఫైళ్లు సర్దడం, అన్నీ నేర్చుకున్నాను. తిరిగొచ్చి చెబుదామని నోరు తెరిస్తే, భోజనం ఎలా పెట్టారని అడిగి, గుత్తొంకాయ కూర సంగతి తెలుసుకుని, ఎవరి కుర్చీకి వాళ్లు పోయేవాళ్లు. నేను రాసిచ్చిన నివేదికలను పెద్దసారు భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేసేవాడు, మళ్లీ తీసిన పాపాన పోలేదు. ఇంత నేర్చినందుకు ఒక్కసారైనా, ఈయన ఉండాల్సిందే అనిపించుకోవాలని నాకెంత ఆశగా ఉండేదో.

ఆ రోజూ వచ్చింది. ఆఫీసుకు కంప్యూటరు వచ్చేనాటికి దాని శిక్షణకు పోయొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందరూ చుట్టూ నిలబడి చూస్తుంటే ఊరూరి నీటి పట్టిక తీసి చూపించాను. ఆ వారమంతా టీ ముందు నా బల్లకే వచ్చింది, నేనూ అవసరానికి మించి గంభీరంగా కూర్చున్నాను.

పై నెలలో, కంప్యూటరులో కొత్త పద్ధతులు నేర్పుతామని మళ్లీ నంద్యాల కాగితం వచ్చింది. పెద్దసారు దాని మీద నా వెనక బల్లాయన పేరు రాశాడు. "ఈయప్ప ల్యాకుంటే ఆఫీసు నడవదు. ఊరికే కూచున్నోళ్లను పంపిద్దాం," అన్నాడు. పొంగిపోయి, ఆ మాట ఇంటికొచ్చి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు చేశాను, నన్ను మళ్లీ ఎక్కడికీ పంపలేదు. కంప్యూటర్లు మారాయి గానీ నేను మాత్రం ఆ మొదటి పట్టిక దగ్గరే ఉండిపోయాను. రిటైరైన రోజు నేను లేని లోటు తీరనిదన్నారు. సోమవారానికల్లా నా కుర్చీలో వెనక బల్లాయన కూర్చున్నాడు, నాకు రానివన్నీ ఆయనకు వచ్చు.

ఇప్పుడు శిక్షణలన్నీ ఫోన్లోనే అయిపోతున్నాయట, ఎవరూ కుర్చీలోంచి కదలనక్కర్లేదు. నాకైతే ఆ నంద్యాల బస్సు ఇంకొక్కసారి ఎక్కాలనిపిస్తుంది, లేకున్నా ఏమీ ఆగని మనిషిగానే.