బంతి బయటికి, నువ్వు లోపలికి

నవనీతకు భయం ఎక్కువ. నిందగా అనడం లేదు, ఉన్నమాట. కుక్కరు కూత పెట్టకముందే పొయ్యి దగ్గర నిలబడే మనిషి. బడిగంట కొట్టేది అటెండరే అయినా, కొట్టాడో లేదో అని వరండాలోకి వచ్చి చూసే మనిషి. శేరిలింగంపల్లిలో ఒకే ప్రైవేటు బడిలో పనిచేసేవాళ్ళం. నేను, అంటే వెంకటనారాయణ, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్ద డ్రిల్లు మాస్టర్ని. ఆమె ఆర్మూరు నుంచి వచ్చిన కొత్త డ్రిల్లు టీచరు. మాదాపూర్ బండల మధ్య హైటెక్ సిటీ అద్దాల మేడ లేచిన మరుసటి ఏడాది సంగతి ఇది.

చిన్నప్పుడు ఆమె నిజామాబాద్ జిల్లా జట్టుకు సాఫ్ట్‌బాల్ ఆడింది. సెంటర్ ఫీల్డర్, అంటే మైదానం చివర మధ్యలో నిలబడి దూరం వచ్చిన బంతుల వెంటపడే మనిషి. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినిపిస్తే చాలు, బుర్రకు తెలిసేలోపే కాళ్ళు పరిగెత్తేవట. ఆ కాళ్ళే తర్వాత ఆమె కొంప ముంచాయి.

ఆ ఏడు రాష్ట్ర అంపైర్ల రాతపరీక్ష పాసయింది. ఇక మైదానం పరీక్ష ఒక్కటే మిగిలింది. అంతర్ జిల్లా బాలికల పోటీల్లో ఒక మ్యాచ్‌కు బేస్ అంపైరుగా నిలబడి మెప్పించాలి. మెప్పిస్తే రాష్ట్ర ప్యానెల్లో చోటు, లేకపోతే మళ్ళీ గొడుగు కింద స్కోరు బల్ల. అప్పటిదాకా మా ప్యానెల్లో ఒక్క ఆడమనిషి కూడా లేదు. "ఆడవాళ్ళకు స్కోరింగయితే చక్కగా కుదురుతుంది" అనేవాళ్ళు పెద్దమనుషులు. ఆ గొడుగంటే నవనీతకు ఒళ్ళుమంట.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చదరం గీసి నాలుగు మూలలా నాలుగు బేసులు పెడతారు. బంతిని కొట్టిన పిల్ల వరుసగా అన్నీ తొక్కి, మొదలుపెట్టిన మూలకే, అంటే హోమ్‌కు, తిరిగొస్తే ఒక రన్. మధ్యలో ఏదైనా బేసు తొక్కకుండా దాటిందని అవతలి జట్టు చెయ్యెత్తి అడిగితే, అది నిజమైతే, అవుట్. హోమ్ దగ్గర ముసుగు తగిలించుకుని నిలబడేవాడు ప్లేట్ అంపైర్. బేసుల దగ్గర చూసుకునేది బేస్ అంపైర్. బేసులు ఖాళీగా ఉన్నప్పుడు అతని చోటు ఫస్ట్ బేస్ దాటాక, గీతకు కాస్త బయట. బంతి దగ్గర్లోనే ఆగితే అక్కడే కాస్త జరిగి, పాదమూ బంతీ రెండూ కనిపించే కోణం చూసుకోవాలి. బంతి దూరంగా పోయిందా, గబుక్కున నాలుగు బేసుల మధ్యకు వచ్చెయ్యాలి. బంతిని ఓరకంట చూస్తే చాలు, చూడవలసింది పరిగెత్తే పిల్ల పాదాన్ని.

"బంతి బయటికి, నువ్వు లోపలికి. ఇంతేనమ్మా, బ్రహ్మవిద్యా?" అన్నాను.

"అనుడు అల్కనే సార్. కాళ్ళు ఇనాలె గద."

గోపన్‌పల్లిలో పోచమ్మ అనే ఆవిడ ఇంట్లో ఆమె కిరాయికి ఉండేది. తెల్లవారగానే వాకిట్లో ముగ్గుపిండితో బేసులు గీసి, వాటి మధ్యకు వెళ్ళడం, తిరగడం, ఆగడం అభ్యాసం చేసేది. పోచమ్మ రెండ్రోజులు ఊరుకుని, మూడోరోజు ఉండబట్టలేక అడిగిందట.

"ఏం ముగ్గమ్మా గిది? సుక్కల్లేవు, పువ్వుల్లేవు."

నవనీత ఆట సంగతి చెప్పి, ఆడపిల్లలు ఎటునుంచి ఎటు తిరుగుతారో నడిచి చూపించింది. పోచమ్మ నోటిమీద వేలేసుకుంది.

"ఉల్టా తిరుగుతరా? దేవుని సుట్టు ఎవలన్న గిట్ల తిరుగుతరా బిడ్డా? జర సోంచాయించు. మంచిది కాదు."

ఉన్న భయాలు చాలవన్నట్టు ఇదొకటి. "బేసుల్లో దేవుళ్ళు లేరు తల్లీ" అని కసిరాను. "ఎరుకే సార్" అంది గానీ, ముఖంలో ఫికరు పోలేదు.

పోటీలు కొండాపూర్ దాటాక ఒక బడి మైదానంలో పెట్టారు. కంచె లేదు. మైదానం అయిపోయినచోట బండలు మొదలవుతాయి. చీఫ్ అంపైర్ పార్థసారథిగారు నవనీతకు ఏకంగా ఫైనల్ ఇచ్చారు. ఫైనల్‌కు వచ్చిన జట్లు అనంతపురం, నిజామాబాద్. తన జిల్లా ఆడుతోంది, వేరే మ్యాచ్ ఇవ్వండని నవనీత బతిమాలుకుంది.

"అంపైరుకు సొంత జిల్లా ఉండదమ్మా. వెళ్ళి నిలబడు" అన్నారాయన.

ప్లేట్ అంపైరును నేనే. మొదట్లో అంతా బాగానే సాగింది. ఇన్నింగ్స్ మారినప్పుడల్లా వచ్చి "మంచిగనే నిలబడ్డనా సార్?" అని అడిగేది. నీళ్ళిస్తే తాగలేదు. తాగితే కడుపులో నిలవవట. మధ్యాహ్నం బండలు పేల్చేవాళ్ళు విజిల్ ఊది ఎర్రజెండా ఎత్తారు. ఆట ఆపాం. పిల్లలంతా చెవులు మూసుకుని కూర్చున్నారు. పేలుడుకు నేల అదిరింది, దుమ్ము లేచింది. ఆమె మాత్రం బేసు పక్కనే నిలబడి, తన బూట్లకేసి చూసుకుంటూ ఉంది.

ఆఖరి ఇన్నింగ్స్. స్కోరు సమానం. బ్యాటు నిజామాబాద్ పిల్లలది. ఇద్దరు అవుటయ్యారు, బేసులన్నీ ఖాళీ. మూడో పిల్ల బలంగా కొట్టింది. బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్యనుంచి దూసుకెళ్ళి బండల వైపు దొర్లింది. నేను ముసుగు తీసి, బంతిని ఎవరైనా పట్టారా అని చూసి, నవనీత లోపలికి వచ్చిందా అని తిరిగాను.

లేదు. బంతి వెంట పరిగెత్తుతోంది! ఆర్మూరు సెంటర్ ఫీల్డర్ మళ్ళీ లేచింది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. నాలుగు అంగలు వేశాక తెలివొచ్చి వెనక్కి తిరిగింది. అప్పటికే ఆ పిల్ల ఫస్ట్ బేస్ దాటేసింది. నవనీత పడుతూ లేస్తూ వచ్చి రెండో బేసు చూసింది. మూడోది, హోమ్ నేను చూశాను. పిల్ల వచ్చేసింది. నిజామాబాద్ వాళ్ళ కేకలతో మైదానం దద్దరిల్లింది.

అప్పుడు అనంతపురం పిల్ల బంతి పట్టుకుని ఫస్ట్ బేస్ మీద నిలబడి చెయ్యెత్తింది. వాళ్ళ కోచ్ గోవిందప్ప పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, ఆ పిల్ల ఈ బేసు తొక్కనే లేదు. అవుటియ్యండి."

నవనీత ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకేసి చూసింది. ఆ క్షణంలో నా కళ్ళు బంతి మీద ఉన్నాయి, నేనూ చూడలేదు. తల అడ్డంగా ఊపాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సేఫ్ అంటే సొంత జిల్లా గెలుస్తుంది, నోళ్ళు లేస్తాయి. అవుటంటే ఆ రన్ పోయి ఆట సాగుతుంది, పక్షపాతం అనేవాడు ఉండడు, పరీక్షా గట్టెక్కుతుంది. అవుటనడమే ఆమెకు క్షేమం. మైదానంలో అది తెలియని వాళ్ళు లేరు.

ఆమె రెండు చేతులూ చాపింది. "సేఫ్!" గొంతు మధ్యలో జీరపోయింది.

"సొంతూరోళ్ళని గెలిపిచ్చుకుంటివి గదమ్మా!" గోవిందప్ప నెత్తి కొట్టుకున్నాడు. "మా పిల్లోళ్ళు అనంతపురం నుంచి రైల్లో నిలబడి వచ్చినారు. వాళ్ళకేం జెప్పాల నేను?"

ఆమె టోపీని కళ్ళమీదికి లాక్కుంది.

ఆట ముగిశాక పార్థసారథిగారు షామియానా కిందికి పిలిచారు. దోషిలా నిలబడింది. ఆయన నవ్వారు.

"భేషమ్మా! ఆ పిల్ల పాదం బేసు అంచుమీద పడింది. నా కుర్చీ సరిగ్గా అటే ఉంది కాబట్టి నాకు కనిపించింది. అంత దూరం నుంచి నువ్వెలా పట్టావో గానీ, కన్నంటే అదీ."

హమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాను. ఇక ఆమె చెయ్యవలసిందల్లా ఒక నమస్కారం.

"నేను సూడలే సార్" అంది నవనీత.

ఆయన నవ్వు ఆగింది.

"నా కాళ్ళు బంతి ఎంబడి వోయినయి. ఎనుకకు మర్లి సూసేసరికి పిల్ల దాటింది."

"మరి సేఫ్ అని ఎలా అన్నావు?"

"సూడనిదాన్ని అవుటని ఎట్లంట సార్? నేను ఆడ లేకపోవుడు నా తప్పు. ఉరికిన పిల్లది కాదు గద."

పార్థసారథిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరీక్ష పెట్టింది కాళ్ళకమ్మా. అవి తప్పాయి. వచ్చే ఏడు మళ్ళీ రా" అన్నారు మెల్లగా.

నాకు ఇద్దరిమీదా ఒళ్ళు మండింది. దారిపొడుగునా తిట్టాను. నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది, చేతికందినదాన్ని కాలదన్నుకున్నావు, ఇక గొడుగు కింద కూర్చో అన్నాను. ఆమె టోపీతో కళ్ళు తుడుచుకుంటూ నడుస్తోంది. గేటు దగ్గర ఆగిపోయింది.

"సార్, జర ఆగుతరా? బేసులు ఇంక పీకలే. ఒక్కపారి లోపటికొచ్చి సూస్త."

జనం వెళ్ళిపోయారు. పరిగెత్తడానికి నేను తప్ప ఎవరూ లేరు. తిట్టిన నోటితో కాదనలేక వెనక్కి నడిచాను. బ్యాటు తీసుకుని, బంతిని బండల వైపు కొట్టి, నా మోకాళ్ళను తిట్టుకుంటూ పరిగెత్తాను. టక్ మన్న చప్పుడుకు ఆమె కాలు బయటివైపు ఒక్కసారి అదిరింది. అంతే, అక్కడే ఆగింది. ఆమె లోపలికొచ్చి తిరిగి నిలబడింది, చూపు నా పాదాల మీదే ఉంది. బంతి ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు.

నేను రెండో బేసు దగ్గర ఆగి, నడుం పట్టుకుని వగర్చాను. ఆనందం పట్టలేక అరిచాను. "వచ్చావు తల్లీ! లోపలికి వచ్చావు!"

నవనీత నవ్వలేదు. ఫస్ట్ బేస్ వైపు చెయ్యి చూపించింది.

"అది మీరు తొక్కలే సార్. జానెడు అవుతల నుంచి దాటిన్రు" అని పిడికిలి పైకెత్తింది. "అవుట్!"

పొద్దుట్నుంచీ వణికిన ఆ గొంతు ఇప్పుడు వణకలేదు. వెనక్కి వెళ్ళి చూశాను. బేసు పక్కన దుమ్ములో నా బూటు అచ్చు ఉంది. నిజంగానే తొక్కలేదు.