మూర్తిగారి కుడి చెవి

ముందు పోయినవాటిని లెక్కపెడతాను. కార్డులు నాలుగు. శనివారం సాయంత్రాలు, అన్నీ. కర్టెన్ల షాపులో గల్లా దగ్గరి కుర్చీ. ఫోను మోగగానే ఎత్తి మాట్లాడే అలవాటు. ఎదుటి మనిషి ఒక మాట అంటే రెండోసారి అడగకుండా జవాబు చెప్పగల ధైర్యం. ఇవన్నీ ఒకే మనిషివి. నావి ఏవీ పోలేదు.

మూడేళ్లుగా ఈ లెక్క నా దగ్గరే ఉంది. మోస్తున్నాను అందామనుకున్నాను గాని, ఆ మాట రాయడానికి సిగ్గేసింది. బరువు పడింది ఆయన మీద. అది ఎక్కడి నుంచి పడిందో తెలిసినదాన్ని మాత్రమే నేను. తెలిసి ఊరుకోవడం కూడా బరువేనా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తాను. ఇంటర్ దాటలేదు. గణితం నాకు ఎవరూ నేర్పలేదు, ఇష్టం కొద్దీ వచ్చింది. మారేడ్‌పల్లిలో ఒక స్టేషనరీ షాపు వెనక గదిలో శనివారాలు కార్డుల ఆట ఆడేవాళ్లం. పేకాట కాదు. బొమ్మల కార్డులు ప్యాకెట్లలో కొని, అందులోంచి అరవై ఏరుకుని, ఎవరి కట్ట వాళ్లు తయారుచేసుకుని ఆడే ఆట. ఒకే రకం కార్డు నాలుగుకు మించి పెట్టుకోకూడదు. కంపెనీ కొత్త కార్డులు విడుదల చేసినప్పుడల్లా పాతవి కొన్ని ఇకమీదట పోటీల్లో చెల్లవని ప్రకటిస్తుంది. కార్డుకు ఏమీ కాదు. మడత పడదు, రంగు పోదు. నిన్న చెల్లింది, నేడు చెల్లదు.

ఆ ప్రకటనలు ఇంగ్లిషులో వచ్చేవి, మెలికలు మెలికలుగా. చదివి తెలుగులో చెప్పే పని నాది. అందరికీ ఒకసారి గట్టిగా చదివేదాన్ని. తర్వాత పక్కకు తిరిగి అదే వాక్యాన్ని మూర్తిగారి కుడి చెవి దగ్గర రెండోసారి చెప్పేదాన్ని. ఆయనకు ఎడమ చెవి వినపడదు. కాకినాడ నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో కర్టెన్ల షాపు పెట్టుకున్నారు. నాకన్నా రెండేళ్లు చిన్న. ఆయన కుడి పక్కన ఎప్పుడూ నేనే కూర్చునేదాన్ని. ఇలా రెండుసార్లు చదవమని ఎవరూ చెప్పలేదు. అది మా గదిలో దానంతట అదే ఏర్పడిన పద్ధతి.

కార్డులకు మేము పెట్టుకున్న పేర్లు రెండు చెప్పాలి. ఒకటి వాచ్‌మన్. ముందు నిలబడి ఎవర్నీ లోపలికి రానివ్వదు. రెండోది కుక్కర్. మన వంతు మూడుసార్లు వచ్చేదాకా కదలకుండా కూర్చుని నాలుగోసారి పేలుతుంది. వాచ్‌మన్‌ను దాటగలిగింది కుక్కర్ ఒక్కటే. నా దగ్గర కుక్కర్లు నాలుగు, మూర్తిగారి దగ్గర వాచ్‌మన్‌లు నాలుగు. "అక్కగారూ, ఆ కుక్కర్లు నాకిచ్చేసి మా వాచ్‌మన్‌లు నలుగుర్నీ పనిలో పెట్టుకోండి" అని నెలల తరబడి అడిగారు. ఇవ్వనన్నాను.

మూడేళ్ల కిందట ఒక గురువారం ప్రకటన వచ్చింది. కుక్కర్ ఇక చెల్లదు. వాచ్‌మన్ ఉంటుంది. ఆ ఆదివారమే నగర స్థాయి పోటీ. కొత్త నియమం ఆ రోజు నుంచే. కుక్కర్ పోతే వాచ్‌మన్‌కు ఎదురు లేదు. నాలుగూ కట్టలో ఉంటే మొదట చేతికొచ్చే ఏడు కార్డుల్లో ఒక్కటైనా పడే అవకాశం నూటికి దాదాపు నలభై. ఈ లెక్క వేస్తున్నప్పుడు నా మనసులో మూర్తిగారు లేరు. నిజంగా లేరా? వాచ్‌మన్‌లు ఆయన దగ్గరే ఉన్నాయి కదా, ఆయన లేకుండా లెక్క ఎలా తెగింది? ఏళ్ల తరబడి అందరికీ నియమాలు చదివి పెట్టిన మనిషిని, ఒక్కసారి గెలవాలని ఉండేది. అంతకన్నా పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

శనివారం చదువుతున్నాను. పక్కనే పిండి గిర్ని ఉంది. అది నడుస్తున్నప్పుడు గదిలో బల్ల కూడా సన్నగా వణికేది. ఎప్పుడూ అది ఆగేదాకా ఆగేదాన్ని. ఆ రోజు కుక్కర్ వాక్యం దగ్గరికి వచ్చేసరికి గిర్ని షురూ అయింది. నేను ఆగలేదు. మామూలు గొంతుతో చదివాను. ఎదురుగా ఉన్నవాళ్లు విన్నారు, అయ్యో అన్నారు. మూర్తిగారు తల వంచుకుని కార్డులకు ప్లాస్టిక్ కవర్లు తొడుగుతున్నారు. నేను ఆయన వైపు తిరగాలి. చాయ్ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాను. తర్వాతి వాక్యానికి వెళ్లాను. దాన్ని మాత్రం ఆయన చెవిలో రెండోసారి చెప్పాను.

గిర్ని ఆగాక ఆయనే మళ్లీ అడిగారు.

"ఏమండీ అక్కగారూ, రేపే పోటీ. కుక్కర్ల సంగతి ఏమంటారు?"

"సరే, తీస్కోండ్రి."

"నిజంగానే? ఏంటండీ ఇవాళ ఇంత దయ!"

"ఎన్నిసార్లు అడుగుతరు మూర్తిగారు. తీస్కోని మీరన్న గెలువుండ్రి."

ఎదుటి బల్ల దగ్గర మల్లేశ్ ఉన్నాడు. అల్వాల్ నుంచి వచ్చే లిఫ్ట్ మెకానిక్, నోరు ఊరుకోదు. "ఏంది సేటూ, గా కుక్కర్లతోని ఇప్పుడేం జేస్తవ్? ఇంట్ల పప్పు ఉడకవెడ్తవా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మూర్తిగారూ నవ్వారు. "మూడు విజిల్సండీ!" అని మూడు వేళ్లు చూపించారు. కుక్కర్ అన్న మాట ఒక్కటే ఆయనకు అందిందని నాకు తెలుసు. వినపడనప్పుడు అందరితో పాటు నవ్వేయడం ఆయన అలవాటు. అది మల్లేశ్‌కు తెలియదు. చెల్లని కార్డులను మూర్తిగారు ముచ్చట కొద్దీ దాచుకోవడానికి తీసుకుంటున్నారని అనుకున్నాడు. నేను వాచ్‌మన్‌లను సంచిలో పెట్టుకున్నాను.

ఆదివారం ఫంక్షన్ హాల్లో రెండు బల్లల అవతల ఆయన కూర్చున్నారు, ఇస్త్రీ చొక్కాతో. రిఫరీ కట్ట విప్పి చూసి నాలుగు కార్డులు పక్కన పెట్టాడు. "ఇవి తీసేశారు సార్. ఈ కట్టతో ఆడనివ్వలేం. లిస్ట్ చూసుకోలేదా?"

"నేను చూడనండి. మా అక్కగారు చదువుతారు" అన్నారు మూర్తిగారు, గర్వంగానే. తర్వాత నా వైపు తిరిగారు.

"ఇది చదివారా అక్కగారూ?"

"చదివిన."

అక్కడిదాకా అబద్ధం లేదు. అక్కడితో ఆగి ఉంటే, నన్ను నేను ఏదో ఒక విధంగా సమాధానపరచుకునేదాన్నేమో. ఆయన ఇంకొకటి అడిగారు.

"రెండుసార్లూనా?"

"ఆఁ, రెండుసార్లు చదివిన."

ఆయన చెయ్యి పైకి లేచింది. ఎడమ చెవి దగ్గరికి కాదు. కుడి చెవిని పట్టుకుని మెల్లగా నలిపారు, అది అక్కడ ఉందో లేదో చూసుకుంటున్నట్టు. "అయితే ఇదీ పోయిందన్నమాట" అన్నారు, ఎవరితోనూ కాదు. రిఫరీతో "తప్పు నాదేనండి" అన్నారు. కార్డులన్నీ సర్దుకుని వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "మీరు బాగా ఆడండి" అన్నారు.

ఆడాను. మూడో స్థానం వచ్చింది.

ఆ తర్వాత ఆయన శనివారాలు రాలేదు. కొన్ని నెలలకు పద్మారావు నగర్‌లో కూరగాయల బండి దగ్గర ఆయన భార్య కనిపించారు. నేను అడగకముందే మొదలుపెట్టారు. "కొలతలు చెబితే ఎనిమిదడుగులా తొమ్మిదడుగులా అని నాలుగేసిసార్లు అడుగుతున్నారండీ. బేరానికొచ్చినవాళ్లు విసుక్కుంటుంటే గల్లా దగ్గర మా తమ్ముణ్ణి కూర్చోబెట్టేశారు. ఫోనెత్తరు. డాక్టరేమో కుడి చెవి శుభ్రంగా ఉందన్నాడు. ఈయన నమ్మితేగా! మెషీన్ ఎన్నయినా చెబుతుంది, అక్కగారు ఈ చెవి దగ్గరే చదివితే వినపడలేదు నాకు అంటారు. మీరైనా చెప్పండి వదినగారూ, మీ మాటంటే ఆయనకి గురి."

"చెప్త వదినా" అన్నాను. అరకిలో దొండకాయలు తూయించుకుని ఇంటికి వచ్చేశాను.

ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. ఆయన కుడి పక్కన, నా పాత చోటులోనే కూర్చున్నాను. "మూర్తిగారు" అన్నానో లేదో, ఆయన అరచెయ్యి చెవికి ఆనించి, "కాస్త గట్టిగా చెప్పండి అక్కగారూ" అని నవ్వారు. మామూలు గొంతుతో చెబితే వినగలిగిన మనిషి. వినలేనని నమ్మి, ముందే చెయ్యి అడ్డుపెట్టుకున్నారు. వంటింట్లో ఆవిడ, ముందు గదిలో బావమరిది. ఇటువంటి మాటను అరిచి ఎట్లా చెప్పేది? మెల్లగా చెప్పాలన్నా, ఆయన్ను ముందు ఆ చెయ్యి దించమనాలి. ఎందుకు దించమంటున్నానో చెప్పాలి. గట్టిగా "బాగున్నరా" అని అడిగాను. "బాగున్నానండీ" అన్నారు. చాయ్ తాగి లేచాను.

చెబితే ఏమవుతుంది? చెవి బాగుందని తెలుస్తుంది. దాంతో పాటు, ఇన్నాళ్లు ఏమీ లేనిదానికి ముడుచుకుని బతికానని కూడా తెలుస్తుంది. ఈ రెండో మాట ఆయనకు చేర్చే ధైర్యం నాకు లేదు. ఇది జాలి అని కొన్నాళ్లు అనుకున్నాను. జాలి కాదు, భయం. మరుసటి ఏడు కంపెనీ వాచ్‌మన్‌లను కూడా తీసేసింది. ఇప్పుడు ఆ నాలుగూ తిరిగిచ్చినా వాటికి ఏ బల్ల మీదా పని లేదు. ఇంకేం ఇవ్వను? నాకు లెక్కలు వచ్చు అంటారు అందరూ. దీన్ని ఏ కొలతలో వేయాలో నాకు తెలియడం లేదు.

మీరు క్షమించాలని రాయలేదు. క్షమించడానికి మీకేమీ పోలేదు కదా. రాస్తుంటే మాత్రం నాకే కొద్దిగా తేలికైంది. అంతవరకు నిజం.

తెలిసిన లెక్క ఒక్కటే ఉంది, అది వేసి ఆపుతాను. ఆ శనివారం ప్రకటనలో వాక్యాలు ఎనిమిది. రెండేసిసార్ల చొప్పున పదహారు చదవాలి. పదిహేను చదివాను. బాకీ ఒకటి.