ఎండిన కాలువలో బాప్తిస్మం పాఠం

పోయిన వారం బడి నుంచి వస్తుంటే వేమగిరి దగ్గర మా బస్సు ఆగింది. పక్కనే మొక్కల లారీ ఒకటి వచ్చి నిలబడింది. అప్పుడే నీళ్ళు చల్లినట్టున్నారు. ఎర్రమట్టి, తడిసిన కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు కలిసిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ముందు సీట్లో కూర్చున్న ఆయన ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం కిటికీ అద్దం ఇంకొంచెం జరిపాను. నాకు అది మా సండే స్కూలు వాసన. సంతోషమ్మ టీచరుగారు ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని ఎంత శుభ్రంగా వచ్చినా, ఆవిడ చేతుల్లోంచి ఆ వాసన పోయేది కాదు.

నిజానికి ఆవిడ టీచరు కాదు. కడియం నర్సరీల్లో మామిడి అంట్లు కట్టే కూలి మనిషి. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మా వీధిలో అందరం నర్సరీ పనుల మీద బతికినవాళ్ళమే. మా నాన్న లారీలకి మొక్కలు ఎక్కించేవాడు, అమ్మ కవర్లలో మట్టి నింపేది. మా చర్చి పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆదివారం ఏడు గంటలకల్లా పాతికమంది పిల్లలం అందులో చాప మీద కూర్చునేవాళ్ళం. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. అల్లరి చేస్తే మాట ఆపి, మేము ఆపేదాకా ఊరికే చూస్తూ నిలబడేది. ఆ చూపు కన్నా రెండు దెబ్బలు నయమనిపించేది.

నాకు పన్నెండో ఏడు నడుస్తున్న వేసవిలో, బాప్తిస్మం తీసుకోవాలనుకునే పిల్లలకి విడిగా పాఠాలు మొదలుపెట్టింది. మొత్తం ఆరుగురం. మొదటి రోజు షెడ్డులో కూర్చోబెట్టలేదు. మమ్మల్ని కాలువ దగ్గరికి తీసుకెళ్ళింది. మే నెల కదా, కాలువలు కట్టేశారు. రేవు మెట్లు దిగితే అడుగున బీటలు వారిన ఒండ్రు, అక్కడక్కడ గుర్రపుడెక్క ఎండిపోయి ఉంది. మమ్మల్ని ఆ ఒండ్రు మీద నిలబెట్టి అడిగింది.

"పోయినేడు మీ అక్కలు ఇక్కడే కదా బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడు చుక్క నీళ్ళు లేవు. మరి వాళ్ళ బాప్తిస్మం ఎక్కడికి పోయింది?"

నా పక్కనున్న సలోమి, "సముద్రంలోకండి" అంది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. తర్వాత మెట్టు మీద కూర్చుని, తొందరేమీ లేనట్టు చెప్పింది. "నీళ్ళు పోతాయమ్మా. నీళ్ళు ఎవరి పాపాన్నీ కడగవు, యేసయ్యే కడుగుతాడు. నేను ఆయన మనిషినని నలుగురి ముందూ ఒప్పుకోడానికి నీళ్ళలో దిగుతాం. ఆ రోజు దేవుడికి ఒక మాట ఇస్తాం, నువ్వు చెప్పింది చేస్తాను అని. నీళ్ళు పోయినా ఆ మాట మీ దగ్గరే ఉంటుంది. సోమవారం పొద్దున్న కూడా ఉంటుంది." ఆ సోమవారం అన్న మాట నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

తర్వాతి వారం ఒక్కొక్కరినీ పిలిచి, బాప్తిస్మం ఎందుకు తీసుకోవాలనుకుంటున్నావని అడిగింది. నేను వాక్యాలతో సహా గడగడా అప్పచెప్పాను. బడిలో ఎప్పుడూ నాదే ఫస్టు ర్యాంకు. ఆవిడ అంతా విని, "ఇదంతా పుస్తకంలో ఉందమ్మా దీవెనా. నీ మాట ఏంటి?" అంది. నా దగ్గర నా మాట లేదు. తెల్ల గౌను కుట్టిస్తానని అమ్మ చెప్పిందన్నదొక్కటే ఉంది. నేను మాట్లాడకపోయేసరికి, "తొందరేం లేదు. వచ్చే ఏడైనా తీసుకోవచ్చు" అంది. మిగతా అయిదుగురి పేర్లు పాస్టరుగారికి ఇచ్చింది. సలోమి పేరు కూడా ఉంది, సముద్రంలోకండి అన్న సలోమి పేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా అమ్మ ఊరుకోదని క్లాసుకి వెళ్తూనే ఉన్నాను.

ఆ కోపంలో ఉండగానే మరో పాఠం వచ్చింది. దేవుడికి కానుక తెచ్చినప్పుడు, నీ మీద ఎవరికైనా మనసు విరిగి ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్ళి వాళ్ళతో సమాధానపడాలని టీచరుగారు చెబుతోంది. నేను చెయ్యెత్తాను. "మరి మీరు రత్నం పిన్నిగారితో ఎందుకు మాట్లాడరండి?"

రత్నంగారు టీచరుగారి తోడికోడలు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నాలుగేళ్ళ కిందట వాళ్ళ అత్తగారు పోయినప్పుడు, శవం దగ్గర చుట్టాలందరి ముందూ సంతోషమ్మగారు, "నువ్వు సరిగా చూడకే ముసలిది పోయింది" అని రత్నంగారిని అనేసింది. ఆ రోజు నుంచీ మాటల్లేవు. చర్చిలో కూడా ఆడవాళ్ళ వైపు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చునేవారు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు. నేను ఎత్తాను. టీచరుగారి ముఖం చూశాక, ఎత్తకుండా ఉండాల్సిందనిపించింది. ఆవిడ బైబిలు మూసి, "ఇవాళ్టికి చాలమ్మా, ప్రార్థన చేసుకుందాం" అంది. ప్రార్థన మాత్రం సలోమి చేత చేయించింది.

మర్నాడు సాయంత్రం పని దిగి తిన్నగా మా ఇంటికి వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ అమ్మతో, "పిల్లని ఓసారి నాతో పంపండి, ఇప్పుడే తీసుకొచ్చేస్తాను" అంది. దారిలో నాతో, "అడిగింది నువ్వు కాబట్టి నువ్వు రావాలి. ఒక్కదాన్నే వెళ్తే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తాను. ఇప్పటికే రెండుసార్లు వచ్చేశాను" అంది. పెద్దవాళ్ళు భయపడతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ గుమ్మం నుంచి రత్నంగారి గుమ్మానికి పది అడుగులు ఉంటాయేమో. ఆ పది అడుగులూ నా చెయ్యి పట్టుకునే నడిచింది.

రత్నంగారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. తలెత్తి మమ్మల్నిద్దర్నీ చూశారు. లేవలేదు.

"రత్నం, ఆ రోజు నేనన్న మాట తప్పు. అత్తని చూసుకుంది నువ్వే. నేను పనికి పోయేదాన్ని. నన్ను క్షమించు."

రత్నంగారు ఇంకో గింజ తీసి పక్కన పడేశారు. "పిల్లని తెచ్చుకున్నావేంటి, పాఠం చెప్పడానికా?" అన్నారు. చింతపండు పక్కకి జరిపి, "అన్నది నలుగురిలో. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి చెవిలో తప్పయిందంటే సరిపోద్దా? నాలుగేళ్ళబట్టి ఎక్కడికెళ్ళినా నన్ను ఎలా చూస్తున్నారో నీకేం తెలుసు" అన్నారు. టీచరుగారు తిరిగి వస్తూ ఒక్కటే అంది. "ఆవిడ అన్నది నిజమేనమ్మా."

ఆ వచ్చే ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి సంతోషమ్మగారు లేచి నిలబడింది. సాక్ష్యమంటే జ్వరం తగ్గిందనో, పిల్లాడు పరీక్ష పాసయ్యాడనో చెప్పి స్తోత్రం అంటారు. ఆవిడ ఆ రోజు, శవం దగ్గర తను ఏమందో ఆ మాట ఉన్నదున్నట్టు అందరి ముందూ మళ్ళీ చెప్పింది. అది అబద్ధమంది. ఆరు నెలలు మంచంలో ఉన్న అత్తకి అన్నీ చేసింది రత్నమేనని, తను చేయలేకపోయిన సిగ్గుతో ఆ నింద వేశానని చెప్పింది. రత్నంగారు తల తిప్పలేదు. చివరి ప్రార్థన అవగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

నాకు ఏడుపొచ్చింది. చాపలు చుడుతున్న టీచరుగారి దగ్గరికి వెళ్ళి, "ఆవిడ మాట్లాడలేదు కదండీ" అన్నాను.

"నన్ను చెప్పమన్నాడు దేవుడు, చెప్పాను. ఆవిణ్ణి మాట్లాడించమని నాకు చెప్పలేదుగా."

"నేను ఆ రోజు కోపంతో అడిగానండి. నా పేరు ఇవ్వలేదని."

"తెలుసమ్మా. అడగాల్సిన ప్రశ్నే అడిగావు. కోపం సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి." చాప గోడకి ఆనించి నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు, బాప్తిస్మం తీసుకోవాలనుందా?"

"భయంగా ఉందండి. మీరు చేసింది నేను చేయగలనా అని."

ఆవిడ, "ఇది పుస్తకంలో లేదు" అంది. ఆ సాయంత్రమే నా పేరు పాస్టరుగారికి ఇచ్చింది.

జూన్‌లో కాలువ వదిలారు. జులై రెండో ఆదివారం మా బాప్తిస్మం. గోదారికి కొత్తనీరు వచ్చి కాలువ ఎర్రగా పారుతోంది. ఒడ్డున సంఘమంతా పాడుతున్నారు. పాస్టరుగారు నడుం లోతు నీళ్ళలో నిలబడితే, ఆడపిల్లలకి భయం లేకుండా ఆయన పక్కన టీచరుగారు నిలబడింది. నా వంతు వచ్చింది. కాళ్ళ కింద మెత్తటి ఒండ్రు జారింది. "విశ్వసిస్తున్నావా?" అంటే "విశ్వసిస్తున్నాను" అన్నాను, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. మునిగి లేచేసరికి నోట్లో మట్టి రుచి. మెట్లెక్కి వణుకుతుంటే ఎవరో వెనక నుంచి పొడి దుప్పటి చుట్టి గట్టిగా పట్టుకున్నారు. తిరిగి చూస్తే రత్నంగారు. ఆవిడ నన్ను చూడటం లేదు, నీళ్ళలోకి చూస్తున్నారు.

ఆఖరి పిల్ల బాప్తిస్మం కూడా అయ్యాక టీచరుగారు మెట్లెక్కింది. రత్నంగారు తన చంకలోని సంచిలోంచి మడతపెట్టిన చీర తీసి ఆవిడ ముందుకి చాపారు. "తడిబట్టలు మార్చుకో అక్కా. అసలే నీకు చలి పడదు" అన్నారు. అంతే. నాలుగేళ్ళ తర్వాత కోపం లేని మొదటి మాట అది. టీచరుగారు చీర అందుకుని ముఖానికి అడ్డం పెట్టుకుంది. తుడుచుకుంటోందో ఏడుస్తోందో నాకు కనబడలేదు.

టీచరుగారు పోయి ఆరేళ్ళయింది. నేను ఇప్పుడు రాజమండ్రిలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. పోయిన నవంబరులో యూనిట్ టెస్టు పేపర్లు ఇస్తూ, కాపీ కొట్టావని ఒక ఎనిమిదో తరగతి పిల్లని క్లాసు మొత్తం ముందు నిలబెట్టి తిట్టాను. నాలుగు రోజుల తర్వాత తెలిసింది, ఆ పిల్లని చూసి రాసింది పక్కమ్మాయని. ఇంటర్వెల్‌లో ఆ పిల్లని స్టాఫ్ రూముకి పిలిపించాను. అటెండరు వెళ్ళాక నాకే సిగ్గేసింది. వద్దని వెనక్కి కబురు పెట్టి, బెల్లు కొట్టాక నేనే ఎనిమిదో తరగతికి వెళ్ళాను. ఆ పీరియడు నాది కాదు. సోషల్ మాస్టారిని రెండు నిమిషాలు అడిగి, నలభై మంది ముందూ నిలబడి, నేనన్నది తప్పని, ఆ పిల్ల కాపీ కొట్టలేదని, నన్ను క్షమించమని చెప్పాను. ఆ పిల్ల డెస్కు వంక చూస్తూ కూర్చుంది.

బయటికి వచ్చి వరండాలో కాసేపు నిలబడ్డాను. మనసు తేలిగ్గా ఉంది. ఆ రోజు సోమవారం. ఆ పిల్ల ఇప్పటికీ నాతో పెద్దగా మాట్లాడదు. కానీ మొన్న బీజగణితంలో ఒక లెక్క తెగక, నోటుబుక్కు తీసుకుని నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది.